రాయలసీమ: నేల, నీరు, గని, అడవి

ఆంధ్రప్రదేశ్‌కు నైరుతి దిక్కున, కర్ణాటక పీఠభూమికి ఆనుకుని ఉన్న మెట్ట ప్రాంతం రాయలసీమ. కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు అనే పాత నాలుగు జిల్లాలు కలిపితే దీని వైశాల్యం సుమారు 67 వేల చదరపు కిలోమీటర్లు. 1800లో నిజాం ఈ ప్రాంతంలో అధిక భాగాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అప్పటి నుంచి దీన్ని దత్త మండలాలుగా పిలిచారు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అనే పేరు జనం నోట నిలిచింది. 2022లో నాలుగు జిల్లాలు ఎనిమిదయ్యాయి. నేల గురించి చెప్పేటప్పుడు పాత పేర్లే సులువు కనుక ఈ వ్యాసంలో అవే వాడుతున్నాం.

సీమ అనగానే కరువు గుర్తుకు రావడం మనకు అలవాటయింది. ఆ మాటలో నిజం ఉంది, కాని సగమే. వాన తక్కువైన ఈ నేల అడుగున ముగ్గురాయి, సున్నపురాయి, యురేనియం, వజ్రం, బంగారం, ఇనుము ఉన్నాయి. కొండల మీద ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు ఉంది. లేమికీ కలిమికీ మూలం ఒక్కటే, ఇక్కడి రాయి. కాబట్టి సీమను అర్థం చేసుకోవడం రాతితోనే మొదలుపెట్టాలి.

రాతి పునాది

పడమటి సగం, అంటే అనంతపురం జిల్లాలో ఎక్కువ భాగం, చిత్తూరు పడమటి మండలాలు, కర్నూలు పడమర, 250 కోట్ల ఏళ్ళకు పైబడిన గ్రానైట్, నైస్ శిలల మీద ఉంది. ఈ రాయి ఎండకూ వానకూ పగిలి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బోడి గుండ్ల గుట్టలయింది. గుత్తి, పెనుకొండ, రాయదుర్గం, గుర్రంకొండ కోటలన్నీ ఇలాంటి గుట్టలను ఆసరా చేసుకుని కట్టినవే. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర పాలకులు పెనుకొండకు తరలివెళ్ళడంలో ఈ రాతి రక్షణకూ వాటా ఉంది.

తూర్పు సగం కథ వేరు. అక్కడ ఆ పాత శిలల మీద ఒక పెద్ద పల్లం ఏర్పడి, సముద్రపు నీరు చేరి, కోట్ల ఏళ్ళ పాటు ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకున్నాయి. చంద్రవంక ఆకారంలో సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న దీన్ని భూగర్భ శాస్త్రవేత్తలు కడప బేసిన్ అంటారు. దాని అంచులు సీమను దాటి ప్రకాశం, గుంటూరు, మహబూబ్‌నగర్ వైపు కూడా వెళ్ళాయి. 1872లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఈ శిలల మీద సమగ్రమైన గ్రంథం ప్రచురించాడు. నాటి నుంచి మన ఊళ్ళ పేర్లు శిలల పేర్లయ్యాయి. వేంపల్లె, తాడిపత్రి, పులివెందుల, గండికోట, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల, ఔకు, నార్జి పేర్లు శిలాస్తరాల పేర్లుగా ప్రపంచంలోని భూగర్భ శాస్త్ర పుస్తకాల్లో కనిపిస్తాయి. మామిడికి పేరుపడ్డ బనగానపల్లె ఆ పుస్తకాల్లో వజ్రాలున్న గులకరాళ్ళ పొరకు పేరు.

ఈ పొరలు పడమర వైపు దాదాపు పరచిన చాపలా ఉంటాయి. అందుకే ఎర్రమలల తలలు చదునుగా కనిపిస్తాయి. తూర్పు వైపు భూమి లోపలి ఒత్తిడికి అవే పొరలు ముడతలు పడి లేచాయి. నల్లమల, లంకమల, వెలికొండల వరసలు ఆ ముడతలే. దక్షిణాన పాలకొండలు, శేషాచలం వచ్చి తిరుమల దగ్గర నిలువు గోడలుగా తేలతాయి. తిరుమల ఘాట్ రోడ్డులో ఒకచోట అడుగున పాత గ్రానైట్, దాని మీద నేరుగా క్వార్ట్‌జైట్ పొర కనిపిస్తాయి. రెంటి మధ్య కొన్ని పదుల కోట్ల ఏళ్ళ కాలం రాతిలో నమోదు కాకుండా పోయింది. ఈ చోటునూ, కొండ పైనున్న శిలాతోరణాన్నీ జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా ప్రకటించారు. ఆ మలుపు మీదుగా ఎందరో భక్తులు కొండెక్కుతుంటారు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు అక్కడి రాతిని కూడా చూపించాలి.

సున్నపురాయి ఉన్నచోట నీరు దాన్ని కరిగించి గుహలు చేస్తుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున కొలతకెక్కాయి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని ప్రస్తావించాడు. 1982, 83 ప్రాంతంలో జర్మనీకి చెందిన డేనియల్ గెబావర్ బృందం లోపలికి వెళ్ళి పటం గీసింది. 2002లో సందర్శకులకు తెరిచారు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో ఫుట్, ఆయన కుమారుడు తవ్వినప్పుడు ఇప్పుడు ఈ ప్రాంతంలో లేని జంతువుల ఎముకలు బయటపడ్డాయి. వీటన్నిటికన్నా అపురూపమైనది కర్నూలు జిల్లాలోని జ్వాలాపురం. సుమారు 74 వేల ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగసిన బూడిద గాలికి ఇంత దూరం వచ్చి జుర్రేరు లోయలో పడి పొరగా మిగిలింది. ఆ పొరకు కిందా పైనా కూడా మనిషి చేసిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. అంతటి ఉత్పాతాన్ని తట్టుకుని మనుషులు ఇక్కడే బతికారన్న వాదానికి అది ఆధారం. అదే బూడిదను చాలాకాలం మామూలు ఖనిజంలా తవ్వి తీసుకుపోయారు. ప్రపంచ చరిత్రకు సాక్ష్యమైన పొరను అలా పోగొట్టుకోవడం బాధ కలిగించే విషయం.

వాన, వాగు, చెరువు

నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసేసి, తేమ తగ్గిన గాలిగా సీమకు చేరతాయి. ఈశాన్య ఋతుపవనాలు చిత్తూరుకూ కడప తూర్పు భాగానికీ వానలిస్తాయి గాని అనంతపురం చేరేసరికి బలం తగ్గుతుంది. అలా రెండు వైపులా నష్టపోయినది అనంతపురం. దాని సగటు వర్షపాతం ఏటా 550 మిల్లీమీటర్ల దగ్గర. దేశంలో అతి తక్కువ వానపడే జిల్లాల్లో జైసల్మేర్ తర్వాత దీని పేరే చెబుతారు. పడే వాన కూడా కొద్ది రోజుల్లోనే పడిపోతుంది, మధ్యలో వారాల తరబడి బెట్ట ఉంటుంది. పైరు ఎండేది ఆ బెట్టలోనే.

సీమకు సొంత నది పెన్న. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, అనంతపురం జిల్లాలో ఉత్తరంగా సాగి, తూర్పుకు మళ్ళి, తాడిపత్రి దాటాక గండికోట దగ్గర ఎర్రమలలను నిలువునా కోసుకుని వెళుతుంది. రాతి పొరలు ఇటుకలు పేర్చినట్టు రెండు వైపులా లేచిన ఆ గండి అంచునే కోట ఉంది. చిత్రావతి, కుందేరు, పాపాఘ్ని, సగిలేరు, చెయ్యేరు దానికి ఉపనదులు. కడప జిల్లా దాటి సోమశిల దగ్గర నెల్లూరులో ప్రవేశిస్తుంది. పెన్న మొత్తం పొడవు 597 కిలోమీటర్లు, కాని ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే పారుతున్నట్టు ఉంటుంది. ఉత్తర సరిహద్దున తుంగభద్ర, కృష్ణ ప్రవహిస్తాయి. పడమట వేదవతి ఉంది. హగరి అని కూడా పిలిచే ఈ నది దీనస్థితి కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో కళ్ళకు కడుతుంది. ఎగువన ఆనకట్టలు వచ్చాక నది ఎండింది. జూన్ నుంచి వీచే బలమైన పడమటి గాలులు ఆ ఇసుకను లేపి పొలాల మీద దిబ్బలు పోస్తాయి. దర్గా హొన్నూరు చుట్టుపక్కల రైతులు ఏటా ఇసుక తోడి విత్తుకోవలసి వస్తుంది. ఎడారి అనే మాటను ఇక్కడ అతిశయోక్తి అనలేం.

పడిన వానను పట్టి ఉంచడమే బతుకుదారి అని పూర్వులు గ్రహించారు. గ్రానైట్ గుట్టల మధ్య పల్లానికి అడ్డంగా కట్ట వేస్తే చెరువు అవుతుంది, కింద గట్టి రాయి కనుక నీరు తొందరగా ఇంకిపోదు. బుక్కపట్నం, ధర్మవరం, సింగనమల చెరువులు ఇలా వచ్చినవే. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు కట్ట మీది 1369 నాటి శాసనం నీటిపారుదల చరిత్రలో అరుదైన పత్రం. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని అందులో ఉంది. అంతకన్నా ముఖ్యంగా, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, తప్పించుకోవలసిన ఆరు దోషాలను వరసగా చెబుతుంది. నేల గట్టిదా కాదా, కట్ట వేయడానికి రాయి దగ్గరలో ఉందా, కింద సాగుకు తగిన భూమి ఉందా అని ఆ కాలపు నిర్మాత చూసుకున్న లెక్క ఇవాళ్టి ఇంజనీరుకూ పనికివస్తుంది. చెరువులు పూడి, వాగుల దారులు మూసుకుపోయాక రైతు బోరుబావి మీద పడ్డాడు. గ్రానైట్‌లో నీరు పగుళ్ళలోనే ఉంటుంది. పగులు తగిలితే పొలం తడుస్తుంది, తగలకపోతే అప్పు మిగులుతుంది. వందల అడుగులు దించినా దుమ్మే లేచిన బోర్లు సీమలో ప్రతి ఊళ్ళో ఉన్నాయి.

పెద్ద కాలువల చరిత్ర సుంకేసుల దగ్గర మొదలవుతుంది. తుంగభద్ర మీద ఆనకట్ట కట్టి కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వింది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. పడవలు నడిపి లాభం తీయాలన్న ఆశ ఫలించలేదు. 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనుక్కుంది. నేటికీ ఆ కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద నంద్యాల, కడప ప్రాంతాల్లో వరి పండుతోంది. 1937 నవంబరు 16న కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక తుంగభద్ర, కృష్ణ, పెన్న నీటిలో సీమకు ప్రాధాన్యం ఇస్తామని మాట ఇచ్చింది. ఆ తర్వాత తుంగభద్ర డ్యాం, శ్రీశైలం, తెలుగుగంగ, హంద్రీ-నీవా, గాలేరు-నగరి వరసగా వచ్చాయి. హంద్రీ-నీవా నీటిని శ్రీశైలం జలాశయం నుంచి మెట్లు మెట్లుగా పంపులతో ఎత్తాలి. 2012లో అది జీడిపల్లి జలాశయానికి చేరింది. మాట ఇచ్చిన 75 ఏళ్ళకు కృష్ణమ్మ అనంతపురం గడప తొక్కిందన్నమాట. అదే శ్రీశైలం జలాశయం కింద కర్నూలు జిల్లాలో ఎన్నో ఊళ్ళు మునిగిపోయాయి. నిర్వాసితులు ఇచ్చిన భూమి సంగతి ఈ నీటి లెక్కలో తరచు మరచిపోతుంటారు.

కరువు సీమకు వరద రాదనుకోవడమూ పొరపాటే. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్ళు నీటిపాలయ్యాయి, పలువురు ప్రాణాలు కోల్పోయారు. వాన రాని ఏళ్ళలో మరమ్మతుల మీద శ్రద్ధ తగ్గడం ఈ ప్రాంతపు కట్టలన్నిటికీ పొంచి ఉన్న ప్రమాదం.

నేలలు, పంటలు

గ్రానైట్ మీద ఎర్రనేల పలచగా ఉంటుంది, నీరు నిలవదు. కుందేరు లోయలో, తాడిపత్రి, జమ్మలమడుగు, ఆదోని, ఉరవకొండ ప్రాంతాల్లో నల్లరేగడి ఉంది. అది ఒక్క మంచి పదునుకే పంట పండించగలదు. జొన్న, పత్తి, పప్పుశనగ దాని పంటలు. ఎర్రనేలను వేరుశనగకు అప్పజెప్పారు. ఒక దశలో అనంతపురం జిల్లా ఒక్కదానిలోనే ఎనిమిది లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ వేసేవారు. కొర్ర, సజ్జ, అలసంద కలిపి వేసే పాత పద్ధతి పోయి ఒకే పంట మీద జిల్లా అంతా ఆధారపడటం పెద్ద దెబ్బ తీసింది. ఇప్పుడు చీనీ, మామిడి, దానిమ్మ తోటలు పెరిగాయి. మదనపల్లె టమోటా మార్కెట్టు, చిత్తూరు తోతాపురి, కోడూరు అరటి, బొప్పాయి, ధర్మవరం, హిందూపురాల పట్టు ఈ మార్పు ఆనవాళ్ళు. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

గనులు

రైల్వే కోడూరుకు దగ్గరలో ఉన్న మంగంపేటలోది ప్రపంచంలోకెల్లా పెద్ద బెరైటీసు నిక్షేపం. జనం దీన్ని ముగ్గురాయి అంటారు. దేశపు నిల్వల్లో 90 శాతానికి పైగా ఇక్కడే ఉంది. మామూలు రాయికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువైన ఈ ఖనిజం పొడిని చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలుపుతారు. లోపలి గ్యాసు పైకి ఎగదన్నకుండా ఆ బరువు ఆపుతుంది. గల్ఫ్ దేశాల చమురు బావుల్లో దిగే బురదలో కడప నేల ముక్క ఉంటుంది.

సున్నపురాయి వల్ల ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. పలకలుగా విడిపోయే అదే రాయి నాపరాయి. బేతంచెర్ల, తాడిపత్రి, జమ్మలమడుగు ఊళ్ళలో ఇంటి నేల, గోడ, కప్పు అన్నీ నాపబండలే. మహారాష్ట్రలో వంటగట్టుకు వేసే నల్లబండను నేటికీ కడప్పా అనే అంటారు. వేంపల్లె శిలల్లో రాతినార, బలపం దొరికేవి. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లెలో రాతినార తవ్వేవారు. ఊపిరితిత్తులకు హాని అని తేలాక 1986లో కేంద్రం రాతినార గనులకు కొత్త లీజులు ఇవ్వడం ఆపింది.

ఆ వేంపల్లె సున్నపు శిలల్లోనే యురేనియం ఉంది. తుమ్మలపల్లెలో భారత యురేనియం సంస్థ గనిని, శుద్ధి కర్మాగారాన్ని 2012లో ప్రారంభించింది. సున్నపురాయి ఆమ్లాన్ని తినేస్తుంది కనుక ఇక్కడ క్షార ద్రావణంతో యురేనియాన్ని వేరు చేస్తారు. ఖనిజంలో యురేనియం పాలు చాలా తక్కువ, అంటే ప్రతి కిలోకూ టన్నుల కొద్దీ వ్యర్థం మిగులుతుంది. ఆ వ్యర్థపు చెరువు నుంచి నీరు ఇంకి బావులు చెడిపోతున్నాయని, తోటలు దెబ్బతింటున్నాయని కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు ఏళ్ళ తరబడి మొరపెట్టుకుంటున్నారు. దేశానికి అణు ఇంధనం కావాలి. కాని నీళ్ళే కరువైన చోట ఉన్న బావిని కాపాడటం గనికి మొదటి షరతు కావాలి.

అనంతపురం జిల్లా వజ్రకరూరులో వజ్రాలను భూగర్భం నుంచి మోసుకొచ్చిన కింబర్లైట్ శిలా గొట్టాలు ఉన్నాయి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో జనం కుటుంబాలతో వచ్చి చూపు నేలమీద పెట్టి వెతుకుతారు. వాన ఎర్రమట్టిని కడిగితే రాయి మెరుస్తుందని ఆశ. కొందరికి దొరకడం నిజం, ఎక్కువమంది ఉత్త చేతులతో వెళ్ళడం ఇంకా పెద్ద నిజం. జొన్నగిరికి దగ్గర్లోనే ఎర్రగుడి అశోకుని శిలాశాసనాలు ఉన్నాయి. మౌర్యుల సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. రామగిరి, చిత్తూరు జిల్లా చిగురుగుంట బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. ఓబుళాపురం ఇనుప ఖనిజం గురించి చెప్పాలంటే తవ్వకం కంటే కేసులే ఎక్కువ చెప్పాలి. అక్రమ తవ్వకాల ఆరోపణల మీద 2011లో సీబీఐ అరెస్టులు చేసింది. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు గుర్తులనే చెరిపేశారన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

ఎండ, గాలి కూడా ఇప్పుడు వనరులే. రామగిరి గుట్టల మీద 1990లలోనే గాలిమరలు తిరిగాయి. 2017 నాటికి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు సిద్ధమైంది.

అడవి, జీవులు

శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండల రాతి వాలుల్లో పెరిగే ఎర్రచందనం ప్రపంచంలో మరెక్కడా సహజమైన అడవిగా లేదు. సారం తక్కువైన, నీరు నిలవని నేలే దానికి కావాలి. నెమ్మదిగా పెరగడం వల్లనే చేవ అంత ఎర్రగా, గట్టిగా తేలుతుంది. చైనాలో సామానుకు, జపాన్‌లో షమిసెన్ అనే తంత్రీవాద్యానికి ఈ కర్ర వాడతారు. ఆ గిరాకీయే దాని పాలిటి శాపమైంది. 1995 నుంచి అంతరించే జాతుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం (సైటీస్) కింద రక్షణ ఉన్నా దొంగరవాణా ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది కూలీలు చనిపోయారు. చెట్టు కొట్టిన కూలీ చనిపోతాడు, కొట్టించినవాడు దూరంగా ఉంటాడు. ఈ అన్యాయం తీరనంతకాలం అడవికి కాపలా ఎంత పెంచినా చాలదు.

2010లో శేషాచలాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. పేరిత అనే సైకాస్ జాతి మొక్క, బంగారు బల్లి, దేవాంగ పిల్లి ఇక్కడున్నాయి. ఉత్తరాన నల్లమల పులుల అభయారణ్యం, చెంచుల ఇల్లు. చిత్తూరు పడమటి అడవుల్లోకి 1980లలో ఏనుగులు పక్క రాష్ట్రాల నుంచి తిరిగి వచ్చాయి. వాటి కోసం కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదు ఎకరాల మేర పరచుకుని 1989లో గిన్నిస్ పుస్తకంలో చేరింది.

రెండు పక్షుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కలివి పొదల్లో తిరిగే కలివికోడిని 1848 ప్రాంతంలో పక్షి శాస్త్రవేత్త జెర్డాన్ కనుగొన్నాడు. 1900 తర్వాత కనిపించక, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పొదల్లో, స్థానిక వేటగాడి సాయంతో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ దాన్ని మళ్ళీ గుర్తించాడు. దానికోసం లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మార్చారు. అయినా తర్వాతి దశాబ్దాల్లో అది కనిపించడం మరీ అరుదైపోయింది. నందికొట్కూరు దగ్గరి రోళ్ళపాడు బట్టమేక పిట్టకు నెలవు. చుట్టూ కాలువ నీళ్ళు వచ్చి గడ్డిబీళ్ళు చేలయ్యాక ఆ పిట్ట అక్కడ కరువైంది, కృష్ణజింకలు మాత్రం పెరిగాయి. గడ్డిబీడును, పొదల మెట్టను పనికిరాని బంజరుగా రెవెన్యూ లెక్కల్లో రాసుకోవడం ఈ నష్టానికి ఒక కారణం.

చివరగా మళ్ళీ గనుల మాట. ఖనిజం ఒకసారి లారీ ఎక్కితే తిరిగి రాదు. 2015 చట్ట సవరణతో గనులున్న ప్రతి జిల్లాలో ఖనిజ నిధి ఏర్పడింది. లీజుదారులు రాయల్టీకి అదనంగా కట్టే ఆ సొమ్మును గనుల వల్ల నష్టపోయిన ఊళ్ళకే, అందులోనూ ముందుగా తాగునీరు, పర్యావరణం, ఆరోగ్యాలకే ఖర్చుపెట్టాలని నిబంధన. మంగంపేట నుంచి తాడిపత్రి దాకా గనుల పక్కన బతుకుతున్న ప్రతి గ్రామసభ తన వాటా ఎంత వచ్చిందో, ఏ బావికి, ఏ చెరువుకు ఖర్చయిందో జిల్లా కలెక్టరు కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగాలి.